గువ్వలచెరువు కనుమలో పెద్ద బ్రేకులు

అడగకుండా వచ్చే జవాబులు

పత్రికల్లో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తారు. వార్తకు మొదటి వాక్యం ఎలా ఉండాలి, ఎంత పొడవుండాలి అని అడుగుతారు. అవన్నీ ఆఫీసులో కూర్చోబెట్టి ఎవరైనా నేర్పుతారు. నాకు తెలిసిందల్లా ఒక్కటే. విలేకరి పనిలో సగం అనుమానపడడం. మిగతా సగం, ఆ అనుమానం ముఖంలో కనబడకుండా ఎదుటివాళ్లిచ్చిన కాఫీ తాగడం.

నేను ఈ పనిలో చేరేటప్పటికి కర్నూలు రాజధాని. ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గాలికి కాగితాలు ఎగిరిపోకుండా తుంగభద్ర గులకరాళ్లు బరువు పెట్టుకునేవారు. ఆ రోజుల్లో మాకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చూపిస్తూనే ఉండేవారు. చూపించేవాడు చెయ్యి చాచిన వైపు చూసి రాసుకుని రావడం సులువు. మాలో చాలామంది అదే చేశారు, వాళ్లకు పెద్దగా నష్టమేమీ జరగలేదు కూడా.

ఒకసారి కోసిగి దగ్గర కరువు పనుల కింద తవ్వించిన బావిని చూపించడానికి తీసుకుపోయారు. కూలి కోసం వీధులకు వీధులు వలస పోయిన ఏడాది అది. బావికి తోరణాలు కట్టారు. నీళ్లు బాగానే ఉన్నాయి. ఒక అధికారి దోసిట పట్టి తాగి, చాలా బాగున్నాయన్నారు. నేను వెనక నిలబడిన ముసలమ్మను నీళ్లు ఎట్లున్నాయని అడిగాను.

"బాగుండాయప్పా" అంది ఆమె. "మా ఊర్లో యాడ తవ్వినా ఉప్పునీళ్లే. ఇవి యాడివో గానీ శానా తీపుండాయి."

బావి చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోతే నేల మీద బండ్ల గాడులు ఇంకా తడిగా ఉన్నాయి. నీళ్లు పీపాల్లో వచ్చి బావిలో పడ్డాయన్నమాట. నేను బావి గురించి రాయలేదు, గాడుల గురించి రాశాను. అది అచ్చయిన కొన్నాళ్లకే నన్ను కడపకు మార్చారు. రెండింటికీ సంబంధం లేదని అప్పటి మా కర్నూలు పెద్దాయన చెప్పారు. ఆ మాట నేను అడగకుండానే చెప్పారు.

కడప ఆఫీసులో పెద్దదిక్కు రామశేషయ్య గారు. గుంటూరు వైపు మనిషి. కడప ఎండను సొంత శత్రువులా చూసేవారు, మధ్యాహ్నం పూట గడప దాటేవారు కాదు. మమ్మల్ని మాత్రం పంపించేవారు. ఏ వార్త తెచ్చి ఇచ్చినా ముక్కుపొడుం పీల్చి రెండు ప్రశ్నలు వేసేవారు. ఇది నీకెవరు చెప్పారు? వాళ్లకి చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? ఆయన మంచి పైఅధికారి అని నేననను. సెలవు అడిగినా అవే ప్రశ్నలు వేసేవారు. కానీ ఆ రెండు ప్రశ్నల మీదే నేను ఇన్నేళ్లు బతికాను.

నిమ్మకాయల ముందు ఆగిన కారు

కడప నుంచి రాయచోటికి పోవాలంటే గువ్వలచెరువు కనుమ ఎక్కాలి. ఇప్పటి రోడ్డును చూసి అప్పటి రోడ్డును ఊహించుకోకండి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. ఎదురుగా లారీ వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. తిరుగు ప్రయాణంలో కనుమ దిగేటప్పుడు బస్సుల్లో మాటలు ఆగిపోయేవి. ఆడవాళ్లు కొంగు పట్టుకుని దేవుణ్ణి తలుచుకునేవారు. ఎక్కేటప్పుడు ఎవరికీ భయం ఉండేది కాదు. ఎక్కుతూ పాటలు పాడుకునేవాళ్లను కూడా చూశాను.

ఈ దారిలో గంగయ్య శెట్టి అనే ఆయనకు ఒక టాక్సీ కారు ఉండేది. యుద్ధానికి ముందు ఎవరో జమీందారు కొన్న పెద్ద అమెరికా కారు అది. చేతులు మారి మారి శెట్టి దగ్గరికి వచ్చింది. దాని బ్రేకులు పాతకాలపు కడ్డీ బ్రేకులు. కాలితో తొక్కితే ఇనప కడ్డీలు లాగి చక్రాలను పట్టుకునేవి. అరిగి అరిగి ఆ పట్టు కూడా సరిగా మిగల్లేదు.

ఒకరోజు శెట్టి ఆఫీసుకు వచ్చి, తన కారుకు పెద్ద బ్రేకులు వేయించానని, పత్రికలవాళ్లు వచ్చి చూడాలని చెప్పాడు. పట్టాళం అమ్మేసిన మిలిటరీ డిస్పోజల్ సామానులో ఒక లారీ బ్రేకులు దొరికాయట. నూనె ఒత్తిడితో పనిచేసే రకం. డ్రమ్ములు పాతవాటికన్నా చాలా పెద్దవి. మామూలుగా చక్రానికి ఒక పిస్టన్ డబ్బా ఉంటే, వీటికి రెండేసి ఉన్నాయి. పట్టాళంలో పనిచేసి వచ్చిన దేవసహాయం అనే మెకానిక్ వాటిని కారు ముందు చక్రాలకు అమర్చాడు.

శెట్టి చిరిగిన సీటుకు గుడ్డ కూడా కుట్టించనివాడు. వాన పడితే కారు టాపు కారేది. ప్రయాణికులు అడిగితే, గొడుగు తెచ్చుకోకుండా ప్రయాణం చేస్తారా అనేవాడు. అలాంటి మనిషి బ్రేకుల మీద ఖర్చు పెట్టాడంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకు పెట్టావు శెట్టీ అని అడిగాను.

"జనం పానాలప్పా" అన్నాడు. "దుడ్లు వస్తాయి, పోతాయి. పానం పోతే వస్తాదా?"

జవాబు మరీ బాగుంది. అంత బాగున్న జవాబు ఇంటి దగ్గర తయారు చేసుకుని వచ్చిందే అయి ఉంటుంది.

చూడ్డానికి పోయాను. కనుమ కింది మలుపు దగ్గర రోడ్డుకు అడ్డంగా సున్నం గీత గీసి, దాని మీద నిమ్మకాయలు వరసగా పెట్టారు. కొత్త బండి కొంటే నిమ్మకాయలు తొక్కిస్తాం గదా. శెట్టి దాన్ని తిరగేశాడు. తొక్కకుండా ఆపి చూపిస్తానన్నాడు. ఊరి పెద్దమనుషులు, వ్యాపారులు, ఇద్దరు వకీళ్లు, మేము గొడుగుల కింద నిలబడ్డాం. పైనుంచి కారు నిండా మనుషులతో వేగంగా దిగింది. గీత దగ్గరికి వచ్చేసరికి ముక్కు నేలకు వంచి, ఉన్నచోటే దిగబడిపోయినట్టు ఆగింది. ఒక్క నిమ్మకాయ కూడా చితకలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక వకీలు గారు ఒక నిమ్మకాయ తీసుకుని జేబులో వేసుకున్నారు.

కారు తోలింది ఖాసీం. నలభై దాటిన మనిషి, కోరమీసం, తక్కువ మాటలు. చప్పట్లు కొడుతుంటే స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తూ కూర్చున్నాడు. నేను దగ్గరికి పోయి బ్రేకులు ఎట్లున్నాయన్నాను. "దిగేదానికి బాగుండాయి సార్" అన్నాడు. డ్రైవర్లు అట్లాగే మాట్లాడతారనుకున్నాను.

నేను నాలుగు వాక్యాలు రాసుకుపోతే రామశేషయ్య గారు చదివి పక్కన పెట్టారు. "కారుకు బ్రేకులుండడం వార్తేమిటయ్యా? రేపు ఎవడో వచ్చి పొద్దున్నే పళ్లు తోముకున్నానంటాడు, వేస్తావా?" అన్నారు. తరవాతి వారం అదే సంగతి ప్రకటనగా మా పత్రికలోనే వచ్చింది, నిమ్మకాయల బొమ్మతో సహా. దానికి ఆయన ప్రశ్నలేమీ వేయలేదు.

ఊరంతా చూసిన బ్రేకులు

కనుమ సగం ఎక్కాక ఒక మలుపులో కొండను ఆనుకుని కుంకుమ పూసిన రాయి ఉండేది. మలుపు గంగమ్మ అనేవారు. ఎక్కే బండి ఏదైనా ఆమె దగ్గర ఆగాలి. హిందువుల బండి, సాయిబుల బండి అన్న తేడా లేదు. ఎవరైనా దిగి కొబ్బరికాయ కొడతారు, లేకుంటే ఒక కాసు వేస్తారు. ఎద్దులబండ్ల కాలంలో ఎద్దులు రొప్పు తీర్చుకోవడానికి అక్కడ ఆపేవారట. మోటార్లు వచ్చాక ఇంజను చల్లబడడానికి ఆపారు. దిగే బండ్లు ఆగవు. అమ్మ ఎక్కేవాళ్లనే చూస్తుందని చెప్పుకునేవారు.

సంతరోజు పొద్దున శెట్టి కారు నిండా జనంతో, టాపు మీద మూటలతో కనుమ ఎక్కింది. గంగమ్మ దగ్గర ఖాసీం ఆపాడు, ఇంజను కట్టేశాడు. రాయచోటి బట్టల వ్యాపారి ఒకాయన టెంకాయ పట్టుకుని దిగి, కారు వెనకనుంచి రాయి దగ్గరికి నడిచాడు. కారు వెనక్కి జారింది. వెనక రోడ్డు అంచున, వాననీళ్లు పోయే మోరీ గోడ ఉంది. కారుకు, గోడకు మధ్య ఆయన నలిగిపోయాడు. ఆసుపత్రికి తెచ్చారు గానీ బతకలేదు.

పోలీసులు ఖాసీంను పట్టుకున్నారు. బ్రేకు తొక్కకుండా నిర్లక్ష్యంగా కూర్చుని ప్రాణం తీశాడని కేసు. బావమరిది జామీను ఇస్తే ఇంటికి వచ్చాడు. కేసు నిలిస్తే జైలు, లైసెన్సు రద్దు. ఆ తర్వాత ఈ జిల్లాలో ఎవడూ అతని చేతికి స్టీరింగు ఇవ్వడు. ఆ ఇంట్లో సంపాదించే మనిషి అతనొక్కడే.

ఇక్కడే ఒక చిత్రమైన సంగతి. మామూలుగా ఇలాంటి కేసులో డ్రైవరు, బ్రేకు పడలేదంటాడు. యజమాని పడిందంటాడు. ఎవరి మాట నిజమో తేల్చడం కష్టం. ఖాసీం విషయంలో ఆ కష్టం లేకుండా పోయింది. ఆ బ్రేకులు ఎంత గట్టివో కడప అంతా కళ్లతో చూసింది. చప్పట్లు కొట్టిన పెద్దమనుషులందరూ సాక్షులే. మా పత్రికలో బొమ్మ కూడా ఉంది. బ్రేకు ఇన్‌స్పెక్టరు, అంటే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు, ప్రమాదం తర్వాత కారును చదును రోడ్డు మీద, కనుమ వాలులో కిందికి తోలించి చూసి, బ్రేకులు బాగా పట్టుకుంటున్నాయని రాసిచ్చాడు.

ఖాసీం ఇంటికి పోయాను. పాత ఊళ్లో ఒంటి గది ఇల్లు. అతని భార్య తలుపు సగమే తీసి, ఎవరని అడిగి, పేపరు అనగానే మూయబోయింది. లోపలినుంచి ఖాసీం రమ్మన్నాడు. నేను మొహమాటం లేకుండా అడిగాను. నిద్రపోయినావా, తాగినావా, ఎవరితోనైనా మాట్లాడుతూ కాలు తీసినావా అని.

"తొక్కినా సార్" అన్నాడు. "తొక్కితే ముందుకు పోయే బండి నిలబడ్తాది. ఆపొద్దు నిలబళ్ళే."

"చేతి బ్రేకు?"

"గుంజినా. అది వెనక చక్రాల పాత కడ్డీలదే గదా. దానికి ఏం బలముండాది? గేరేస్తే గేరు ఎగిరి బయటికొస్తాది. ముసిల్ది సార్ ఆ బండి."

నేను నమ్మలేదు. నమ్మినట్టు తల ఊపాను. బ్రేకు పడలేదనని డ్రైవరును నేను అంతవరకూ చూడలేదు. పైగా ఇతను పడలేదని కూడా గట్టిగా అనడం లేదు, నిలబడలేదు అంటున్నాడు. మాట తేడాగా ఉంటే జనం అబద్ధమాడుతున్నారని మనం త్వరగా అనుకుంటాం. అతని భార్య మాత్రం నా ముఖం చూసి సంగతి కనిపెట్టింది. "ఈయన కూడా నమ్మల్యా" అంది భర్తతో, నేను అక్కడ లేనట్టే.

నాకు శెట్టి మీదా నమ్మకం కుదరలేదు. పోలీసులు పంచనామా ముగించకముందే ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. డ్రైవరు ఈ మధ్య పరధ్యానంగా ఉంటున్నాడని, రెండుసార్లు మందలించానని, బ్రేకులు మీరే చూశారు గదా అని చెప్పాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన పోయాక రామశేషయ్య గారు పొడుం డబ్బా మూత తట్టుతూ నావైపు చూశారు.

"వాడికి చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది?" అన్నారు.

కనుమలో ఒక పూట

మర్నాడు బస్సెక్కి గంగమ్మ మలుపు దగ్గర దిగిపోయాను. కండక్టరు నన్ను పిచ్చివాడిలా చూశాడు. మోరీ గోడ మీద కూర్చుని, ఎక్కే బండ్లను చూస్తూ ఒక పూట గడిపాను. ఇలా కూర్చోవడం మన పనిలో భాగమే. ఎవరినీ అడగకుండా, ఎవరూ చూపించకుండా చూడాలి.

మొదటి లారీ వచ్చింది. ఇంకా ఆగకముందే క్లీనరు చెక్క దిమ్మతో కిందికి దూకి, వెనక చక్రం కింద దాన్ని తోశాడు. లారీ దిమ్మ మీదికి ఒదిగి ఆగింది. తరవాత బస్సు. అదే పని. ఆ తర్వాత ఒక టాక్సీ. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వచ్చిన మనిషి దిమ్మతో దూకాడు. ఎక్కే బండికి దిమ్మ, కొబ్బరికాయ అంత మామూలు. ఎన్నోసార్లు ఆ దారిన పోయినవాడినే. బండి లోపల కూర్చున్నవాడికి వెనక చక్రం కనబడదు.

శెట్టి కారుకు దిమ్మ ఎవరు పెట్టేవారని ఒక లారీ క్లీనరును అడిగాను.

"ఎల్లప్ప పెడ్తాండె" అన్నాడు. "ఇప్పుడు లేడుగా. మాన్పించినారు."

ఎల్లప్ప కడప బస్టాండు దగ్గర మూటలు మోస్తూ దొరికాడు. అరవై దగ్గరపడిన మనిషి. ఏళ్ల తరబడి ఆ కారు ఫుట్‌బోర్డు మీద నిలబడి ప్రయాణం చేశాడు. ఎందుకు మాన్పించారంటే నవ్వాడు.

"ఇంత పెద్ద బ్రేకులు వచ్చినంక నీతో ఏం పనప్పా అన్న్యాడు శెట్టి. నేను నిలబడే తావులో మూటలు కడ్తాండాడు. లోపల మూటలుండే తావులో ఇంకో మనిసి పడ్తాడు. బ్రేకులు జనం కోసరం అనుకున్న్యావా? నా తావు కోసరం."

అదీ సంగతి. చిరిగిన సీటు కుట్టించనివాడు బ్రేకులు ఎందుకు కొన్నాడన్న నా అనుమానానికి జవాబు దొరికింది. ఎవరైనా మీకు కొత్తగా తగిలించింది చూపిస్తే, దానికోసం ఏం తీసేశారో వెతకండి. తగిలించినదానికి తోరణం కడతారు. తీసేసినదాని గురించి ఎవరూ మాట్లాడరు.

నా గుండెలో ఇంకో ముల్లు ఉండిపోయింది. దిమ్మ లేకపోతే ఏం? బ్రేకులు గట్టివే గదా. సున్నం గీత దగ్గర కారు దిగబడిపోవడం నేనే చూశాను. ఇన్‌స్పెక్టరు చూశాడు. అందరం ఎక్కడ చూశామని ఆలోచిస్తే తట్టింది. అందరం దిగేటప్పుడే చూశాం. కనుమ అంటే దిగడమే మాకు భయం. ఆ భయం తీర్చే బ్రేకును ఆ భయం ఉన్నచోటే పరీక్షించాం. కారు ముక్కు పైకి పెట్టి, వెనక్కి జారే బండిని అవి పట్టుకుంటాయా అని ఎవరూ అడగలేదు.

రామశేషయ్య గారికి చెప్పాను. వెంటనే రాసేయమంటారనుకున్నాను. "రాయకు" అన్నారు. "నువ్వు అనుకున్నది నువ్వు చూడలేదు. ముందు చూసి రా." ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ ఈ ఒక్క మాటకు కొట్టుకుపోతాయి.

బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు ఒప్పుకోలేదు. ఆయన సంతకం అప్పటికే కాగితం మీద ఉంది. "బ్రేకుకు పైకీ కిందికీ ఏముందండీ?" అన్నాడు. ఏమీ లేకపోతే చూసినందువల్ల పోయేదీ లేదు గదా అన్నాను. రేపు కోర్టులో ఖాసీం వకీలు ఇదే అడిగితే, చూడలేదని చెప్పడం మీకే ఇబ్బంది అన్నాను. ఆ రెండో మాట పనిచేసింది. న్యాయం కోసం కదిలే అధికారి కంటే తన సంతకం కోసం కదిలేవాడే ఎక్కువ. కదిలితే చాలు, కారణం మనకు అనవసరం.

ముక్కు పైకి

కేసు చివరికి ఏమైందో ముందే చెప్పేస్తాను. ఖాసీం మీద కేసు కొట్టేశారు. లైసెన్సు నిలబడింది. ఇక మళ్లీ పరీక్ష పెట్టిన రోజు కనుమలో ఏం జరిగిందో చెబుతాను. బ్రేకుల సంగతి మాత్రం ఆ సాయంత్రం దేవసహాయం షెడ్డులో డ్రమ్ము విప్పాక తెలిసింది. అది తెలియకపోతే జరిగింది కనికట్టులా ఉంటుంది కాబట్టి ముందే విప్పుతున్నాను.

బ్రేకు డ్రమ్ములో రెండు వంపు చెక్కల్లాంటి షూలు ఉంటాయి. తొక్కితే అవి విచ్చుకుని, తిరిగే డ్రమ్మును లోపలినుంచి ఒత్తుతాయి. తిరిగే డ్రమ్ము ఒక షూను తనలోకి ఈడ్చుకుని పట్టు పెంచుతుంది. రెండోదాన్ని తనకు దూరంగా నెట్టేస్తుంది. మామూలు బ్రేకుల్లో బండి ముందుకు పోయినా, వెనక్కి పోయినా ఏదో ఒక షూకు ఆ పట్టు దొరుకుతుంది. ఈ లారీ బ్రేకుల్లో రెండు పిస్టన్లు పెట్టి, రెండు షూలనూ ముందుకు పోయే చక్రానికి ఎదురు తిప్పారు. అందుకే దిగేటప్పుడు అంత బలం. వెనక్కి జారేటప్పుడు చక్రం రెంటినీ తోసేస్తుంది. వెనక చక్రాలకు సరైన బ్రేకులుంటే ఆ లోటు తీరేది. ముందు ఇంత బలముంటే వెనక ఎందుకని శెట్టి పాత కడ్డీలనే ఉంచేశాడు.

దేవసహాయానికి ఈ సంగతి ముందే తెలుసా? తెలియదన్నాడు. పట్టాళంలో ఈ లారీలన్నిటికీ పక్కన దిమ్మలు వేలాడుతుండేవని మాత్రం ఒప్పుకున్నాడు. ఎందుకో అక్కడ ఎవరూ అడగరన్నాడు. నేను ఇప్పటికీ అతన్ని పూర్తిగా నమ్మను. నిరూపించలేను కాబట్టి రాయలేదు.

పరీక్ష రోజు గంగమ్మ మలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు, ఒక హెడ్ కానిస్టేబులు, శెట్టి, దేవసహాయం, ఎల్లప్ప, నేను ఉన్నాం. కారు తోలడానికి ఖాసీంనే రమ్మన్నారు. శెట్టి ఒప్పుకోలేదు, వాడు కావాలనే తొక్కడన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆలోచించి, అతన్నే తోలమని చెప్పి, వెనక చక్రానికి కాస్త దూరంలో ఎల్లప్పను దిమ్మతో నిలబెట్టాడు. కారులో మూటలు ఎక్కించారు.

మొదట ముక్కు కిందికి. పైనుంచి దిగి వచ్చి అదే మలుపులో ఆగింది. ఇంజను కట్టేశారు. గేరు తీశారు. కారు కదల్లేదు. ఇన్‌స్పెక్టరు, హెడ్ కానిస్టేబులు వెనకనుంచి తోశారు, అయినా కదల్లేదు. శెట్టి నావైపు చూసి, "ఇంకేం సార్, రాసుకోండి" అన్నాడు.

ఖాసీం కారును కిందికి తీసుకుపోయి, తిప్పుకుని మళ్లీ ఎక్కించాడు. రాయి దగ్గర ఆపాడు. ఇంజను కట్టేశాడు, గేరు తీశాడు. కారు ఒక్క క్షణం నిలబడింది. శెట్టి గొంతు సవరించుకున్నాడు. అంతలో టైర్ల కింద ఇసక కరకరలాడింది. కారు నిదానంగా, ఏ తొందరా లేకుండా, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకుపోతున్నట్టు వెనక్కి రావడం మొదలుపెట్టింది. మోరీ గోడ దగ్గర నిలబడ్డవాళ్లం పక్కకు తప్పుకున్నాం. ఎల్లప్ప వంగి దిమ్మ తోశాడు. కారు దాని మీదికి ఒదిగి ఆగింది.

ఇన్‌స్పెక్టరు కిటికీ దగ్గరికి పోయాడు. "సరేనప్పా, అయిపోయింది. దిగు" అన్నాడు.

ఖాసీం దిగలేదు. "ఇప్పుడే దిగను సార్. నేను దిగినంక, వాడు తొక్కళ్ళేదు, ఊరికే కూచున్న్యాడని అంటారు. నా కాళ్లు యాడుండాయో ముందు అందరూ చూడండి."

ఇన్‌స్పెక్టరు తలుపు తీసి చూశాడు. హెడ్ కానిస్టేబులు చూశాడు. శెట్టి ఉన్నచోటినుంచే, కనపడతాండాదిలే అన్నాడు.

"ఆడినుంచి కనపడదు శెట్టీ" అన్నాడు ఖాసీం. "ఈడికి రా. వంగు."

ఏళ్ల తరబడి శెట్టిగారూ అని పిలిచిన మనిషి అన్న మాట అది. శెట్టి వచ్చాడు. తలుపు పట్టుకుని వంగాడు. చాలాసేపు లేవలేదు.

నేను రాసుకుంటూ నిలబడ్డాను. నా పని అయిపోయిందనుకున్నాను. ఖాసీం అద్దంలోంచి నన్ను చూశాడు.

"మీరూ రాండి సార్. మీరే శానా అనుమానపడ్తిరి."

పోయి వంగాను. రెండు పాదాలూ, చెప్పులు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఆ పెడలును అడుగంటా తొక్కిపెట్టి ఉన్నాయి. నేను లేచి నిలబడ్డాక గానీ అతను వాటిని తీయలేదు.